నీటిలో విద్యుత్తును వెదకిన మైకేల్ ఫారడే

నీరు ప్రాణికోటికి జీవనాధారము. విద్యుచ్ఛక్తి నేటి మానవుని దైనందిన జీవితమునకు ఆధారము. ఇవి రెండును వేరువేరుగా నున్నంతకాలము మనకు సేవచేయును. అజాగ్రత్తవలన ఒకదానితో నొకటి కలిసినచో ప్రాణమునే హరించును. పాము కదలినచో గడ్డి కదలును. నిప్పు రాజుకొన్నచో పొగ లేచును. నీటిలో ప్రవేశించిన విద్యుత్తునకు మాత్రము రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. నిర్మలముగా కనబడు కొలనులోనికి నవ్వుచు దుమికిన ఈతగాడు కాలుసేతులు కొయ్యబారి, కేకవేయుటకైనను వ్యవధి లేక మునిగిపోవచ్చును. కంటికి కనబడని అట్టి శక్తిని కనబడునట్లు చేయుట ఎట్లు? నీటిలోని విద్యుత్తును సన్నని సూదిమొన కదలికలో లోకమునకు చూపుటకు పూనుకొన్న తొలి శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, లండను నగరమునకు దక్షిణమున నున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన తరచు వ్యాధిగ్రస్తుడై పనికి పోజాలకుండెను. తల్లి మార్గరెట్ ఉన్నదానితో గుట్టుగా సంసారము నడపుచు నలుగురు బిడ్డలను పెంచెను. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగిపోయినపుడు మైకేలునకు వారమునకు ఒక రొట్టె మాత్రమే లభించెడిది. పదియేండ్లైనను నిండని యా బాలుడు ఆ యొక్క రొట్టెతోనే ఏడు దినములు గడపుకొనవలసి యుండెను. బడిలో చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు తప్ప మరేమియు నేర్చుకొను భాగ్యము ఆతనికి కలుగలేదు.

పదమూడవ యేట మైకేల్ జార్జి రీబో అను పుస్తక వర్తకుని యొద్ద పనికి కుదిరెను. తొలుత ఇంటింటికి వార్తాపత్రికలు అందించెను. మరుసటి సంవత్సరము, అనగా 1805లో, పుస్తకములకు అట్టలు కట్టు పనిని నేర్చుకొనుటకై ఏడేండ్ల ఒప్పందముతో ఆ దుకాణముననే శిష్యుడుగా చేరెను. ఇతర పనివారు పుస్తకముల అంచులను మాత్రము చూచుచుండగా, ఈ బాలుడు వాని లోపలి విషయమును చదువసాగెను. ఒకనాడు ఒక విజ్ఞాన సర్వస్వ సంపుటము అట్టకట్టుటకు వచ్చెను. అందు విద్యుచ్ఛక్తిని గూర్చిన వ్యాసము ఆతని చిత్తము నాకర్షించెను. జేన్ మార్సెట్ అను విదుషి రసాయన శాస్త్రమును గూర్చి సులభశైలిలో వ్రాసిన గ్రంథమును కూడ ఆతడు శ్రద్ధతో పఠించెను. చదివినదానిని చేసి చూడనిదే ఆతనికి తృప్తి కలుగకుండెను. చేతనున్న కొద్ది పైకముతో గాజుసీసాలు కొని, వానితో చిన్న విద్యుద్యంత్రమును తయారుచేసి, గ్రంథమున చెప్పినది నిజమగునా కాదా యని పరీక్షించుకొనెను. ఈ గుణమే కడదాక ఆతనికి దారిచూపిన దీపమయ్యెను.

1812లో ఒక గ్రాహకుడు ఫారడేకు రాయల్ ఇన్‌స్టిట్యూషను అను విజ్ఞానసంస్థలో జరుగు ఉపన్యాసములకు ప్రవేశపత్రముల నిచ్చెను. ఉపన్యాసకుడు ఆ కాలమున కీర్తిశిఖరమున నున్న రసాయన శాస్త్రజ్ఞుడు సర్ హంఫ్రీ డేవీ. ఫారడే నాలుగు ఉపన్యాసములను విని, ప్రతి విషయమును వ్రాసికొని, బొమ్మలు గీసి, తానే చక్కగా అట్టకట్టి ఆ గ్రంథమును డేవీకి పంపెను. తనకు విజ్ఞానసేవ చేయు అవకాశము కల్పింపుమని వేడుకొనెను. డేవీ ఆ యువకుని శ్రద్ధకు ముచ్చటపడెను. 1813 మార్చి నెలలో ఆ సంస్థయందు సహాయకుని ఉద్యోగము ఫారడేకు లభించెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. నివాసమునకు ఆ భవనపు పై అంతస్తున రెండు గదులు. సీసాలు కడుగుటతో ప్రారంభమైన ఆ కొలువు, కాలక్రమమున ఆ సంస్థకే వన్నె తెచ్చినది.

ఆ సంవత్సరము అక్టోబరు నెలలో డేవీ యూరపు ఖండ యాత్రకు బయలుదేరుచు ఫారడేను వెంటబెట్టుకొని పోయెను. 1814లో వారు ఇటలీ దేశపు జెనోవా రేవునకు చేరిరి. అచట జాలరులు పట్టిన టార్పెడో అను చేపపై డేవీ ప్రయోగములు చేసెను. ఆ చేపను తాకినవారి చేయి తిమ్మిరెక్కును. ఈ జాతి చేపలు మన తూర్పు సముద్రమునను గలవు. విశాఖపట్టణపు తీరమున వీనిని తిమిరి యని పిలుచుచున్నట్లు 1803లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ గ్రంథమున గలదు. టార్పెడో యొక్క దెబ్బ నిజముగా విద్యుత్తేనా, లేక మరియొక శక్తియా? డేవీ ప్రయోగములు ఆ సందేహమును తీర్చలేకపోయెను. కాని యువ సహాయకుని మనస్సులో ఆ ప్రశ్న నాటుకొనెను. మిలాను నగరమున విద్యుద్ఘటమును కనిపెట్టిన వృద్ధ శాస్త్రజ్ఞుడు వోల్టాను కూడ ఫారడే దర్శించెను. 1815లో లండనునకు తిరిగివచ్చునప్పటికి ఆతడు కేవలము సహాయకుడు కాక పరిశోధకుడుగా రూపొందుచుండెను.

విద్యుత్తు ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఆ కాలపు శాస్త్రజ్ఞులకు తరచు తమ శరీరమే సాధనముగా నుండెడిది. చేతికి దెబ్బ తగిలినచో విద్యుత్తు ఉన్నట్లు, తగలనిచో లేనట్లు. ఇట్టి పరీక్ష ప్రమాదకరము. పైగా నమ్మదగినది కాదు. ఒకనికి బలముగా తోచినది మరియొకనికి స్వల్పముగా తోచవచ్చును. 1820లో డెన్మార్కు దేశీయుడైన అయర్‌స్టెడ్ ఒక నూతన మార్గమును చూపెను. విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచిని ఉంచినచో దాని సూది ప్రక్కకు తిరుగునని ఆతడు నిరూపించెను. తీగను అనేక పర్యాయములు చుట్టి, ఆ చుట్టలో సూదిని వ్రేలాడదీసినచో మిక్కిలి స్వల్పమైన ప్రవాహమునకును సూది చలించును. ఈ పరికరమే గాల్వనోమీటరు. మనుష్యుని చేయి చెప్పలేనిదానిని ఈ సూది చెప్పగలిగెను. ఇది ఫారడేకు మూడవ కన్ను వలె ఉపకరించెను.

విద్యుత్తు అయస్కాంతమును కదలింపగలిగినపుడు, అయస్కాంతము విద్యుత్తును పుట్టింపలేదా? ఈ ప్రశ్న ఫారడేను సంవత్సరముల తరబడి వెంటాడెను. పలుమారులు ప్రయత్నించి విఫలుడయ్యెను. తుదకు 1831 ఆగస్టు 29వ తేదీన ఆతడు 6 అంగుళముల వ్యాసముగల ఇనుప కడియమును తీసికొని, దాని ఒక సగముపై ఒక తీగచుట్టను, రెండవ సగముపై మరియొక తీగచుట్టను చుట్టెను. ఈ రెండు తీగలును ఒకదానితో నొకటి తగులలేదు. మొదటి చుట్టను విద్యుద్ఘటములతో కలిపిన క్షణమున, రెండవ తీగ చెంతనున్న సూది ఒక్కసారి అదిరి నిలిచిపోయెను. ప్రవాహమును ఆపివేసిన క్షణమున మరల అదిరెను. ప్రవాహము నిలకడగా నున్నంతసేపు సూదియందు చలనము లేదు. మార్పు కలిగినపుడే చలించును. అక్టోబరు 17వ తేదీన కడ్డీ అయస్కాంతమును తీగచుట్టలోనికి త్రోసి, దానివలనను విద్యుత్తును పుట్టించెను. నేడు మన ఇండ్లలో దీపములు వెలిగించు విద్యుదుత్పత్తి యంత్రములకు మూలసూత్రము ఇదియే. ఆ ఇనుప కడియము మరియొక రీతిగా కూడ మానవుల ప్రాణములను కాపాడనున్నదని ఆనాడెవరును ఊహింపలేదు.

కనుగొన్నదానితో ఫారడే తృప్తిపడి కూర్చుండలేదు. భూమియే యొక మహా అయస్కాంతము గదా! ఆ భూమిపై ప్రవహించు నదియు విద్యుద్వాహకమే. అయినచో పారుచున్న నదీజలమున కొంత విద్యుత్తు పుట్టవలెనని ఆతడు తర్కించెను. తర్కము ఎంత చక్కనిదైనను పరీక్షకు నిలువవలెను. 1832 జనవరి నెలలో తొలుత కెన్సింగ్టన్ ప్రాసాదోద్యానమున నున్న కొలనులో నిశ్చలజలమును పరీక్షించెను. పిమ్మట థేమ్సు నదిపై నున్న వాటర్లూ వంతెనకు పోయెను. వంతెన పిట్టగోడ వెంబడి 960 అడుగుల రాగితీగను పరపించి, దాని రెండు కొసలనుండి పెద్ద లోహపు పలకలను నీటిలోనికి దింపెను. నడుమ గాల్వనోమీటరును అమర్చెను. చలికాలపు గాలిలో నిలిచి, నదికి ఆటుపోటులు వచ్చుచుండగా, దినముల తరబడి సూదిని గమనించెను.

సూది కదలెను. సామాన్యుడైనచో తన ఊహ నిజమైనదని సంతోషముతో ప్రకటించి యుండెడివాడే. ఫారడే అట్లు చేయలేదు. సూది కదలికలు నది గతితో పొందుపడుటలేదని గ్రహించెను. రెండు తావుల నీటిలోని మాలిన్యముల భేదము, ఉష్ణోగ్రతల భేదము, పలకల స్వభావము, ఇవి కూడ సూదిని కదలింపగలవు. కావున తాను వెదకిన విద్యుత్తు తనకు చిక్కలేదని సందేహమునకు తావులేకుండ వ్రాసి ప్రకటించెను. ఊహ సరియైనదే, ఆనాటి సాధనములు చాలలేదు. నేడు సముద్రగర్భమున వేసిన తీగల సహాయముతో, అదే సూత్రమును అనుసరించి, సముద్ర ప్రవాహముల బలమును కొలుచుచున్నారు. వాటర్లూ వంతెనపై కలిగిన వైఫల్యము ఒక గొప్ప పాఠమును నేర్పెను. నీటిలో రెండు పలకలుంచి సూదిని చూచినంతనే చాలదు. సూది ఏ కారణముచేత కదలినదో కూడ విచారింపవలెను.

ఆ కాలమున మరియొక వివాదము గలదు. మేఘములలో మెరయు విద్యుత్తు, ఘటములలో పుట్టు విద్యుత్తు, అయస్కాంతము వలన పుట్టు విద్యుత్తు, చేపల శరీరమున పుట్టు విద్యుత్తు, ఇవన్నియు ఒక్కటియా, వేరువేరా? 1833లో ఫారడే ఇవన్నియు ఒక్కటియే యని పెక్కు నిదర్శనములతో వాదించెను. కాని చేపల విద్యుత్తు విషయమున కొన్ని నిదర్శనములు కొరతగా నుండెను. వానిని సంపాదించుటకు బలమైన విద్యుత్తు గల చేప కావలెను. అట్టి చేప దక్షిణ అమెరికా ఖండపు నదులలో గలదు. చూచుటకు పాము వలె పొడవుగా నుండు ఆ చేపకు విద్యుత్ మలుగు అని పేరు. శాస్త్రజ్ఞులు ఆనాడు దానిని జిమ్నోటస్ అని పిలిచిరి.

ఆ చేప ఎంత ప్రమాదకరమైనదో జర్మను శాస్త్రజ్ఞుడు హంబోల్టు 1800లో వెనెజువేలా దేశమున కన్నులార చూచెను. కలబోసో పట్టణము చెంత ఈ చేపలు గల ఒక మడుగులోనికి అచటివారు గుఱ్ఱములను తోలిరి. చేపలు విద్యుత్తుతో వానిని మోదెను. కొద్ది నిమిషములలోనే రెండు గుఱ్ఱములు మునిగి చనిపోయెను. విద్యుత్తే వానిని చంపలేదనియు, అవయవములు స్తంభించుటచేత నీట మునిగి చచ్చెననియు హంబోల్టు తలచెను. నీటిలో విద్యుత్తు చేయు అపకారము సరిగా ఇట్టిదే. గట్టుపై నిలుచున్నవానికి కాసేపు తిమ్మిరి కలిగించి పోవు ప్రవాహము, ఈదుచున్నవానిని ముంచివేయగలదు.

1838లో అట్టి చేప యొకటి సజీవముగా లండనునకు చేరెను. అడిలైడ్ వీధిలోని ప్రదర్శనశాల యజమానులు దానిని కొనిరి. దాని పొడవు 40 అంగుళములు. యజమానులు ఫారడేకు ప్రయోగములు చేసికొనుటకు అనుమతినొసగిరి. ఆతడు ఆ ప్రాణికి హాని కలుగకుండ, అలసట కలుగకుండ, నడుమ నడుమ విశ్రాంతి నిచ్చుచు మిక్కిలి జాగ్రత్తతో పరిశోధించెను. నీటి తొట్టిలో నున్న చేప శరీరముపై అమరునట్లు రాగి పలకలను జీను ఆకారమున వంచి, వానికి రబ్బరు తొడుగు వేసి, తీగల ద్వారా గాల్వనోమీటరునకు కలిపెను. చేప విద్యుత్తును వదలినపుడెల్ల సూది చలించెను. ఎల్లప్పుడును ఒకే దిశకు చలించెను. ప్రవాహము చేప తలవైపునుండి తోకవైపునకు నీటిగుండ పోవుచున్నదని తేలెను. ఆ విద్యుత్తుతో ఫారడే ఇనుమును అయస్కాంతముగా మార్చెను. రసాయన ద్రవ్యమును విడదీసెను. నిప్పురవ్వను కూడ రప్పించెను. చేప విద్యుత్తును మెరుపు విద్యుత్తును ఒక్కటియే యని ఇట్లు స్థిరపడెను. జెనోవా రేవున కలిగిన సందేహము ఇరువదినాలుగేండ్లకు తీరెను.

విద్యుత్తు ఉన్నదని తెలిసికొనుటతో ఆతడు ఆగలేదు. అది నీటిలో ఎట్లు వ్యాపించునో కూడ తెలిసికొనగోరెను. ఇందులకు ఆతడు పలకలతో పాటు తన చేతులను కూడ నీటిలో ముంచి పరీక్షించెను. ఒక చేయి చేప తలవైపున, రెండవ చేయి తోకవైపున ఉంచినపుడు దెబ్బ మిక్కిలి బలముగా తగిలెను. రెండు చేతులును చేప నడుమ భాగమున దగ్గరదగ్గరగా ఉంచినపుడు దెబ్బ తగ్గిపోయెను. ఎనిమిది పదిమంది ఒకేసారి తొట్టిలో చేతులు ముంచినపుడు, చేపను తాకకున్నను అందరికిని దెబ్బ తగిలెను. అనగా విద్యుత్తు ఒక్క తావున నుండక, అయస్కాంతము చుట్టు ఇనుపరజను ఏర్పరచు రేఖల వలె, తొట్టిలోని నీరంతయు ఆవరించుచున్నదన్నమాట. ఆకలిగొన్న మలుగు చిన్నచేపను చుట్టునట్లు శరీరమును వంచి, తలకును తోకకును నడుమ దానిని ఇరికించి, ఒక్క దెబ్బతో నిశ్చేష్టితము చేయుటను కూడ ఫారడే గమనించెను. ఏ విద్యాలయమునను చదువని ఆ చేపకు, నీటిలో విద్యుత్తు ఎక్కడ గాఢముగా నుండునో పుట్టుకతోనే తెలిసియున్నది.

ఈ పరిశోధనలోని సారమును ఈతగాండ్రందరును ఎఱుగవలెను. నీటిలో నున్నవానికి దెబ్బ తగులుటకు తీగను తాకనక్కరలేదు. శరీరపు ఒక కొసకును రెండవ కొసకును విద్యుత్పీడనమున భేదమున్నచో చాలును; ఆ భేదము ప్రవాహమును శరీరముగుండ నడుపును. మంచినీటికంటె మానవశరీరమున లవణములు అధికము. అందుచేత చెరువులు, నదులు, కొలనులలోని మంచినీటిలో ప్రవాహము నీటికంటె శరీరమునే సులభమైన త్రోవగా ఎంచుకొనును. అరువది వాట్ల దీపమును వెలిగించు ప్రవాహములో ఎనిమిదవ వంతుకంటె తక్కువైనను ఈతగాని కండరములను బిగియగట్టుటకు చాలును.

నీటికి సంబంధించిన మరియొక ప్రమాదమును కూడ ఫారడే లోకుల కన్నులకు కట్టినట్లు చూపెను. 1855 జూలై నెలలో ఆతడు పడవలో థేమ్సు నదిపై పోవుచు నీటి మురికిని చూచి ఖిన్నుడయ్యెను. తెల్లని కాగితపు అట్టముక్కలను తడిపి, ప్రతి రేవు చెంతను నీటిలో వదలెను. అవి ఒక అంగుళము లోతునకు మునుగకముందే కనబడకుండ పోయెను. ఈ విషయమును ఆతడు పత్రికకు వ్రాసి అధికారులను హెచ్చరించెను. మూడేండ్లకు, 1858 వేసవిలో, నది దుర్గంధము పార్లమెంటు భవనమునే ముంచెత్తగా ప్రభుత్వము మేలుకొని లండనుకు నూతన మురుగు కాలువలు నిర్మింపబూనెను. గాల్వనోమీటరు కాని, తెల్లని అట్టముక్క కాని, సాధనము ఏదైనను ఫారడే ఆశయము ఒక్కటే. దాగియున్న నిజమును పదిమందికి కనబడునట్లు చేయవలెను.

కీర్తి పెరిగినను ఆతని వినయము తరుగలేదు. 1821లో సారా బర్నార్డును వివాహమాడి, ఆమెతో నిరాడంబరముగా జీవించెను. సర్ అను బిరుదమును స్వీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి తనను వెదకికొని వచ్చినను వలదనెను. ధనార్జనకై తన ఆవిష్కరణములను అమ్ముకొనలేదు. క్రిస్‌మస్ దినములలో బాలబాలికలకు ప్రయోగములతో ఉపన్యసించుట మాత్రము ఆతనికి ప్రాణప్రదము. ఓడలవారికి దారిచూపు దీపస్తంభముల సంస్థకు చాలకాలము సలహాదారుగా నుండి, తుఫానులో కూడ వాని వెలుగు తగ్గకుండునట్లు శ్రమించెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు చెంత ఆతనికి నివాసగృహమును ఒసగెను. అచటనే 1867 ఆగస్టు 25వ తేదీన, తన కుర్చీలో కూర్చుండి, ఫారడే ప్రశాంతముగా కన్నుమూసెను. ఆతని కోరిక ననుసరించి హైగేటు శ్మశానమున ఆడంబరము లేకుండ సమాధి చేసిరి.

ఆతడు పోయినను ఆతని ఇనుప కడియము నేటికిని కావలి కాయుచున్నది. 1960వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన చార్లెస్ డాల్జీల్, విద్యుద్ఘాతమునుండి ప్రజలను రక్షించు పరికరమును రూపొందించెను. మానవుడు ఎంత ప్రవాహమును సహింపగలడో చాలకాలము పరిశోధించినవాడాతడు. ఈ జాతి పరికరమున ఒక కడియము గలదు. విద్యుత్తు పోవు తీగయు, తిరిగివచ్చు తీగయు ఆ కడియము గుండనే పోవును. పోయినదంతయు తిరిగివచ్చినచో రెండు ప్రవాహముల ప్రభావము సరికి సరియై పోవును. అందులో కొంత నీటిలోనికో, మనుష్యుని శరీరములోనికో దారితప్పి పోయినచో ఆ సమత్వము చెడును. వెంటనే కడియముపై నున్న మరియొక తీగచుట్టలో విద్యుత్తు పుట్టి, మీటను విడిపించి, కన్ను మూసి తెరచులోపల ప్రవాహమును తెగగొట్టును. 1831లో సూదిని అదరగొట్టిన మార్పే నేడు మీటను అదరగొట్టుచున్నది. అమెరికాలో ఈ పరికరమును ముందుగా తప్పనిసరి చేసిన తావులలో ఈత కొలనులు ముఖ్యమైనవి. మన దేశమున విద్యుత్ పనివారు ఆర్‌.సి.సి.బి. యని పిలుచునది ఈ జాతి పరికరమే. 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము దారితప్పినచో చాలును, అది పనిచేయును.

వాటర్లూ వంతెనపై వ్రేలాడిన పలకలకును నేడు వారసులు గలవు. పడవలు నిలుపు రేవులలో, కొలనులలో నీటిపై తేలు చిన్న పరికరములను కొందరు ఉపయోగించుచున్నారు. వాని అడుగున నున్న లోహపు కడ్డీలు నీటిలోని విద్యుత్పీడన భేదమును పసిగట్టును. అపాయమున్నచో ఎఱ్ఱదీపము వెలుగును, గంట మ్రోగును. అయినను ఫారడే నేర్పిన పాఠమును మరువరాదు. పరికరము తానున్నచోట, ఆ క్షణమున ఉన్నదానినే చెప్పగలదు. దీపము వెలుగలేదని నీరు నిరపాయమని తలచుట తగదు. ఒక మోటారు ఆగి మరల తిరుగ మొదలిడినంతనే పరిస్థితి మారవచ్చును.

మన పల్లెలలో వేసవి వచ్చినదనగానే బాలురు వ్యవసాయపు బావులలో ఈతకు దిగుదురు. ఆ బావులలో అనేకములకు విద్యుత్ మోటారులు గలవు. ఈతకు దిగకముందు మోటారు మీటను ఆపించుట, తెగిన తీగ యున్నచోట నీటి దరికి పోకుండుట, నీటిలో తిమ్మిరి తోచినచో వెంటనే దానికి దూరముగా తొలగి ఒడ్డు చేరుట, మునుగుచున్నవానికై తొందరపడి దుమికక ముందు విద్యుత్తును ఆపివేసి, పొడి కఱ్ఱనో త్రాటినో అందించుట, ఇవి ప్రాణములను నిలుపు నియమములు. తోడివాని కొఱకు దుమికి తామును బలియగుట వీరత్వము కాదు. ఆపదను తెలిసికొని అందుకు తగినట్లు నడచుకొనుటయే నిజమైన వీరత్వము.

వారమునకొక రొట్టెతో కడుపు నింపుకొన్న కమ్మరి కొడుకు, అట్టలు కట్టు దుకాణమున కూర్చుండి లోకమునకు వెలుగునిచ్చు విద్యను నేర్చుకొనెను. ఆతనికి సంపద లేదు. గొప్ప పాఠశాల లేదు. చదివినదానిని పరీక్షించి చూచు పట్టుదలయు, సూది చెప్పని మాటను చెప్పినట్లు చాటని సత్యసంధతయు ఆతని ఆస్తి. నీటిలో దాగిన అపాయమును కనుగొను ప్రతి పరికరమునందును ఆ పట్టుదల, ఆ సత్యసంధత నేటికిని జీవించియున్నవి.